బల్ల మీద పిల్లి, బల్ల అవతల యజమాని

మీ ప్రశ్న – మా జవాబు

పెంపుడు జంతువుల పోటీల్లో పిల్లుల విభాగం పెట్టాలనుకుంటున్నవాళ్లు, జడ్జిగా రమ్మని పిలుపు అందుకున్నవాళ్లు, పోటీకి పిల్లిని తీసుకెళ్లి నొచ్చుకుని తిరిగొచ్చినవాళ్లు ఈసారి మాకు రాశారు. ప్రశ్నలు వేరువేరైనా అన్నీ జడ్జి నడవడిక దగ్గరే ఆగుతున్నాయి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: నేను కర్నూలులో పశువైద్యుణ్ణి. ఊళ్లో ఒక క్లబ్బువాళ్లు పోటీ పెడుతూ పిల్లులకు జడ్జిగా ఉండమంటున్నారు. వచ్చే పిల్లుల్లో సగం నా దగ్గర టీకాలు వేయించుకున్నవే. కాదంటే మొహమాటం, ఒప్పుకుంటే అనుమానం. ఏం చేయమంటారు?

జవాబు: డాక్టరు గారూ, జడ్జి కుర్చీ వద్దనండి, వాకిట్లో ఆరోగ్య పరీక్ష బల్ల అడగండి. పోటీకి ఆ రెండూ కావాలి, కానీ రెండింట్లోనూ ఒకే మనిషి కూర్చోకూడదు.

కారణం చెబుతాం. పిల్లి ఎవరిదో జడ్జికి తెలియకూడదన్నది ఈ పనికి పునాది. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వేర్ ఏర్పాటు చేసిన ప్రదర్శన నుంచి లెక్కపెడితే పిల్లుల పోటీలకు నూట యాభై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో ఒక్కో సంస్థ ఒక్కో దారి పట్టింది. బ్రిటన్‌లోని జీసీసీఎఫ్ పాత పద్ధతిలో తీర్పు వేళ యజమానులు హాలు వదిలి వెళ్లాలి, ప్రతి బోనులోనూ తెల్ల దుప్పటే పరచాలి, జడ్జి చక్రాల బల్ల తోసుకుంటూ బోనుల దగ్గరికి వెళతారు. యూరప్‌లోని ఫీఫే పోటీల్లో స్టీవార్డు (జడ్జి సహాయకుడు) పిల్లిని తెచ్చి బల్ల మీద పెడతారు. అమెరికాలో పుట్టిన సీఎఫ్ఏ, టీఐసీఏ సంస్థల పోటీల్లో జడ్జి చేతిలోని పుస్తకంలో నంబరు, జాతి, రంగు, ఆడో మగో, వయసు ఉంటాయి గానీ యజమాని పేరు ఉండదు. ఇన్ని ఏర్పాట్లూ జడ్జికి పేరు తెలియకుండా ఉండడానికే. మీకు పేర్లే కాదు, ఏ పిల్లికి కిందటేడు మూత్రం బిగుసుకుపోయిందో కూడా తెలుసు. తెలిసినదాన్ని బల్ల దగ్గర మరిచిపోవడం ఎవరి తరమూ కాదు.

వాకిట్లో మీరు చేసే పని చిన్నదేమీ కాదు. కళ్లలో పుసి, ముక్కు కారడం, చెవిలో కాఫీ పొడిలా నల్లటి మురికి (చెవి పురుగుల గుర్తు అది), మెడ వెనక రక్తం పీల్చే పురుగులు (ఫ్లీలు), చెవుల అంచున గుండ్రంగా బొచ్చు రాలిన మచ్చలు చూడాలి. టీకా పుస్తకం చూడాలి. 4 నెలలు నిండని కూనలను, చూడి పిల్లులను, పాలిచ్చే తల్లులను తిప్పి పంపాలి. వయసు మీద అనుమానమొస్తే నోరు చూడండి. మన బండలాగుడు పోటీల్లో ఎద్దులను పళ్లను బట్టి విభాగాలు చేసినట్టే ఇదీ: ముందు పళ్లు మారుతుంటే నాలుగు నెలల దగ్గర, కోరలు మారుతుంటే ఐదారు నెలల దగ్గర ఉన్నట్టు. ఒక పిల్లిలో అంటురోగం కనిపిస్తే అదే ఇంటి నుంచి వచ్చిన మిగతా పిల్లులనూ పంపేయాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

జడ్జి కోసం పక్క జిల్లా చూడండి. కర్నూలు డాక్టరు కడపలో, కడప డాక్టరు కర్నూలులో తీర్పు చెప్పేలా మాట్లాడుకుంటే ఇద్దరి మీదా అనుమానం రాదు. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గర్లోనే ఉంది, అక్కడా అడగొచ్చు. ఎవరూ దొరక్క మీరే కూర్చోవాల్సి వస్తే, ఏడాదిలోపు మీరు వైద్యం చేసిన పిల్లుల జాబితా ముందురోజే నిర్వాహకులకు రాసివ్వండి. వాటిని పోటీ లేకుండా ప్రదర్శనకు మాత్రమే ఉంచమనండి.

ఇంకొక్క మాట. సర్టిఫికెట్ మీద ‘ఛాంపియన్’ అని రాయనివ్వకండి. ఆ బిరుదు గుర్తింపు ఉన్న సంస్థల పోటీల్లో, లైసెన్సు ఉన్న జడ్జిలు ఇచ్చేది. ‘ఈ పోటీలో మొదటి బహుమతి’ అంటే చాలు. రేపు ఆ కాగితం చూపించి పిల్లి కూనలను ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: ఆదోనిలో జరిగే పోటీకి జడ్జి పక్కన సహాయకుడిగా నిలబడే పని నాకిచ్చారు. బల్ల దగ్గర జడ్జి ఏ వరసలో ఏం చేయాలి? తప్పు జరిగితే నేను గుర్తుపట్టేలా చెప్పండి.

జవాబు: మంచి ప్రశ్న. వరస తెలిసిన సహాయకుడు ఉంటే జడ్జికి సగం భారం తగ్గుతుంది.

పిల్లి రాకముందే మొదలుపెట్టాలి. ఉంగరాలు, వాచీ, గాజులు, వేలాడే గొలుసు, మెడలో బ్యాడ్జీ తాడు తీసేయాలి. గోళ్లు పొట్టిగా ఉండాలి. అత్తరు, సెంటు వద్దు. జరీ చీర, అల్లిక ఉన్న దుపట్టా గోళ్లకు చిక్కుకుంటాయి, పిల్లి బెదిరి గుంజుతుంది. నున్నటి నూలు బట్టలే మేలు. వేదిక మీద జడ్జికి బొకే ఇవ్వడం మన అలవాటు గదా, అందులో లిల్లీలు ఉంటే ఆ బొకే రింగులోకి (జడ్జి తీర్పు చెప్పే చోటికి) రాకూడదు. బట్టల మీద రాలిన లిల్లీ పుప్పొడిని నాకినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. తలలో మల్లెలకు ఇబ్బంది లేదు.

బోను తలుపు తీసేటప్పుడు పైనుంచి వంగి మీద పడినట్టు నిలబడకూడదు. పక్కగా నిలబడి, మెల్లగా పలకరించి, మడిచిన వేళ్లను దాని ముక్కు ఎత్తులో ఉంచి వాసన చూడనివ్వాలి. తెల్ల పిల్లికి నీలం కళ్లుంటే చెవుడు ఉండే అవకాశం ఎక్కువ. మీ పలకరింపు దానికి వినపడదు, చెయ్యి కనపడాలి. వెనకనుంచి తాకితే ఎంత సాధు పిల్లయినా ఉలిక్కిపడుతుంది.

ఒక చెయ్యి ముందుకాళ్ల వెనక, రొమ్ము కింద. రెండో చెయ్యి పిరుదుల కింద. అలా ఎత్తాలి. మెడ వెనక తోలు పట్టి ఎత్తే జడ్జిని చూస్తే ఆ పోటీకి మళ్లీ పిలవకండి. తల్లి పిల్లను అలా ఎత్తుతుందని వాదిస్తారు. పిల్ల బరువు వేరు, నాలుగు కిలోల పెద్ద పిల్లి బరువు వేరు. దారిలో మిగతా బోనుల వైపు దాని మొహం తిప్పకూడదు, ఎదురుగా ఇంకో మగపిల్లి కనిపిస్తే చెయ్యి చీరుకుపోతుంది.

బల్ల మీద నాలుగు కాళ్లూ ఆనించి, అయిదు సెకన్లు చుట్టూ చూసుకోనివ్వాలి. తొందరున్న జడ్జిలు ఈ అయిదు సెకన్లే మింగేస్తారు, ఆ తర్వాత రెండు నిమిషాలు పిల్లితో పెనుగులాడతారు. ముందు తల: అరచేత్తో నిమురుతూ కపాలం ఆకారం, చెవుల మధ్య ఎడం, చెంపలు. పక్కనుంచి ముక్కు గీత చూడాలంటే పిల్లిని తిప్పాలి గానీ దవడ నొక్కి మొహం తిప్పకూడదు. పెదవి కొద్దిగా ఎత్తితే పళ్ల కలయిక తెలుస్తుంది. కంటి రంగు కిటికీ వెలుతురులో చూడాలి, పసుపు బల్బు కింద రాగి రంగుకీ నారింజకీ తేడా దొరకదు. తర్వాత వెన్ను, పక్కటెముకలు, తుంటి. తోకను మొదలు నుంచి చివరి దాకా బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా జార్చాలి. వంకర ఉంటే దారంలో ముడి తగిలినట్టు వేలికి తెలుస్తుంది, నొక్కాల్సిన పని లేదు. వేళ్లు ముందుకాలికి 5, వెనక్కాలికి 4. పెద్ద మగపిల్లి అయితే రెండు బీజాలూ కిందికి దిగి ఉన్నాయో లేదో చూడాలి. బొచ్చు పాయ తీసి మొదలు దాకా చూడాలి. పౌడరు గుప్పుమంటే, రంగు వేలికి అంటితే అది రాసుకోవాలి.

చివర ఆట. ఈకల కర్ర ఊపితే పిల్లి మెడ చాస్తుంది, చెవులు నిలబెడుతుంది, అసలు రూపం అప్పుడే కనిపిస్తుంది. ఒక పిల్లి నోట్లో పెట్టుకున్న ఈకను ఇంకో పిల్లికి చూపకూడదు. కడగడానికి వీలైన ప్లాస్టిక్ కర్ర వాడండి, లేదా పిల్లికో కాగితం ఉండ చేసి పారేయండి.

ఒక్కో పిల్లికి 2 నుంచి 3 నిమిషాలు ఇస్తే చాలు. కానీ అందరికీ అంతే ఇవ్వాలి. నచ్చిన పిల్లి దగ్గర ఆరు నిమిషాలు, నచ్చనిదాని దగ్గర నలభై సెకన్లు గడిపితే యజమానులు గడియారం చూస్తూనే ఉంటారు. గుర్తులు అక్కడికక్కడే రాయాలి. జడ్జి రాస్తుండగా మీరు బోను గడియ రెండోసారి లాగి చూడండి, అది మీ పని.

ప్రశ్న: అనంతపురంలో మేం ఒక కల్యాణ మండపం మాట్లాడుకుని, పొద్దున్నే ఫినాయిల్‌తో తుడిపించి శుభ్రంగా ఉంచాం. జడ్జి గారు వాసన చూసి, మళ్లీ కడిగేదాకా పిల్లులను లోపలికి తేవద్దన్నారు. రెండు గంటలు ఆలస్యమైంది. ఆయన అతి చేయలేదా?

జవాబు: లేదు. ఆయన పని ఆయన చేశారు.

నల్ల ఫినాయిల్‌లో ఉండేవి తారు నుంచి వచ్చే ఫినాల్ జాతి రసాయనాలు. తెల్ల ఫినాయిల్‌లో పైన్ నూనె ఉంటుంది. మనిషి కాలేయం, కుక్క కాలేయం ఇలాంటివాటిని విరిచి బయటికి పంపగలవు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. పిల్లి నేల మీద నడుస్తుంది, తర్వాత పాదం నాకుతుంది. అంతే, విషం లోపలికి పోయినట్టే. చొంగ కారడం, నోట్లో పుండ్లు, తూలడం, ముదిరితే కాలేయం దెబ్బతినడం. డెట్టాల్ లాంటివాటిలోని క్లోరోజైలెనాల్ కూడా ఈ కోవలోదే. మీకో గుర్తు: నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే క్రిమిసంహారకాలను పిల్లి ఉన్న చోట వాడకండి.

మరి ఏం వాడాలి? ముందు సబ్బునీళ్లతో మురికి కడగాలి, మురికి మీద పోస్తే బ్లీచు పనిచేయదు. తర్వాత 5 శాతం ద్రవ బ్లీచును లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపి తుడిచి, 10 నిమిషాలు తడిగా ఉంచాలి. ఆ తర్వాత మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. బాత్రూం కడిగే యాసిడ్‌తో పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఇదంతా ముందురోజు సాయంత్రమే పూర్తి కావాలి. మండపం వాళ్లకు డబ్బు కట్టేటప్పుడే ‘ఫినాయిల్ వేయొద్దు’ అని చెప్పండి. తెల్లవారుజామున వచ్చే పనివాళ్లకు మీ పోటీ సంగతి తెలియదు, వాళ్ల అలవాటు ప్రకారం వాళ్లు వేస్తారు.

బల్ల సంగతి వేరు. పిల్లికీ పిల్లికీ మధ్య పది నిమిషాలు ఆగలేరు. అందుకని మూడు నాలుగు రెగ్జీన్ షీట్లు పెట్టుకుని, వాడినదాన్ని బ్లీచు తొట్టిలో వేసి, కడిగి ఆరినదాన్ని పరుచుకుంటూ పోవాలి. చేతులకు శానిటైజర్ ఒక్కటే చాలదు. పిల్లుల్లో ప్రాణాంతకమైన ప్యాన్‌ల్యూకోపీనియా వైరస్‌ను గానీ, తామర తెచ్చే బూజు బీజాలను గానీ అది నమ్మకంగా చంపదు. ప్రతి పిల్లి తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కుని పొడి కాగితంతో తుడుచుకోవాలి. బకెట్టు, మగ్గు, సబ్బు బల్ల పక్కనే లేకపోతే ఎంత మంచి జడ్జయినా మూడో పిల్లి దగ్గరికి వచ్చేసరికి మానేస్తారు. అవి అమర్చాల్సింది నిర్వాహకులు. తువ్వాలు మాత్రం పెట్టకండి, ఒకే తువ్వాలుతో నలభై పిల్లులకు తామర పంచినట్టవుతుంది.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నా. మా పాప పర్షియన్ పిల్లిని పోటీకి తీసుకెళ్లాం. జడ్జి గారు మైకులో ‘ఇది పంచ్ ఫేస్ కాదు, డాల్ ఫేస్. మీకెవరో అంటగట్టారు, ఎంతకి కొన్నారు?’ అన్నారు. జనం నవ్వారు. పాప ఏడ్చింది. జడ్జిలు ఇలా మాట్లాడొచ్చా?

జవాబు: మాట్లాడకూడదమ్మా. ఒక్క మాటలో మూడు తప్పులు జరిగాయి.

జడ్జి ముందున్నది పిల్లి. దాని ధర, అమ్మినవాడు, కొన్నవాళ్ల తెలివి బల్ల మీద లేవు. అవి ఎత్తడం మొదటి తప్పు. పంచ్ ఫేస్, సెమీ పంచ్, డాల్ ఫేస్ అనేవి ముక్కు పొట్టి, పొడవును బట్టి మన దేశంలో అమ్మకందారులు వాడే మాటలు. జాతి ప్రమాణంలో (ఆ జాతి పిల్లి ఎలా ఉండాలో సంస్థ రాసిపెట్టినదానిలో) అలాంటి తరగతులు ఉండవు, జడ్జి నోట అవి రాకూడదు, ఇది రెండో తప్పు. మూడోది మైకు. లోపాన్ని పదిమందిలో చెప్పాల్సి వస్తే ప్రమాణం మాటల్లో, ఒక్కసారే, తగ్గు గొంతుతో చెప్పాలి.

ఎలా చెప్పాలో చూడండి. సీఎఫ్ఏ పర్షియన్ ప్రమాణంలో 100 పాయింట్లు ఇలా పంచారు: కళ్లు, చెవులతో కలిపి తలకు 30, శరీర నిర్మాణానికి 20, రంగుకు 20, బొచ్చుకు 10, కంటి రంగుకు 10, పొందికకు 5, నాజూకుకు 5. ముక్కు పొట్టిగా, వెడల్పుగా ఉండాలి, రెండు కళ్ల నడుమ నొక్కు పడాలి. మీ పిల్లి ముక్కు పొడవు కాబట్టి తల దగ్గర పాయింట్లు పోతాయి. జడ్జి చెప్పాల్సింది ఇంతే: ‘బొచ్చు చక్కగా ఉంది, చిక్కులేమీ లేవు, బాగా దువ్వారు. కంటి రంగు లోతుగా ఉంది. ముక్కు ఈ జాతి ప్రమాణం కంటే పొడవుగా ఉండడంతో తల దగ్గర వెనకబడింది.’ పాప ఇది విని ఉంటే ఏడ్చేది కాదు, పర్షియన్ పిల్లి గురించి ఒక సంగతి నేర్చుకునేది. దువ్విన చెయ్యి పాపదే అయ్యుంటుంది, ఆ మాట జడ్జి నోటి నుంచి రావాల్సింది. ముక్కు కొంచెం పొడవున్న పిల్లికి ఊపిరి సులువుగా ఆడుతుంది, కళ్లు తక్కువ కారతాయి. మీ వేసవిలో అది దానికి మేలే. ఈ సంగతి పాపకు చెప్పండి.

నిర్వాహకులకు రాతపూర్వకంగా చెప్పండి. ఏం మాట అన్నారో అదే రాయండి, కోపం కలపకండి. యజమానుల వైపు నుంచీ కొన్ని ఉన్నాయి. జడ్జి చేతిలో పిల్లి ఉండగా ‘సార్, అది మాదే’ అనకూడదు. సెల్‌ఫోన్ లైటు వేయకూడదు. అడగాలనుకున్నది చివరి బహుమతి ఇచ్చాక, ఒకటి రెండు ప్రశ్నలుగా అడగాలి. ‘మా పిల్లికి ఎక్కడ తగ్గింది?’ అంటే మంచి జడ్జి సంతోషంగా చెబుతారు. ‘ఆ పిల్లికి ఎందుకిచ్చారు?’ అంటే జవాబివ్వక్కర్లేదు, వేరేవాళ్ల పిల్లి లోపాలు మీకు చెప్పడం ఆయనకు మర్యాద కాదు.

ప్రశ్న: మా మేనమామ కర్నూలు పోటీకి జడ్జిగా వస్తున్నారు. నేను వేరే ఇంట్లో ఉంటాను. నా పిల్లిని పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. వేరే ఇల్లయినా, రేపు మీ పిల్లి గెలిస్తే ‘మామ ఇచ్చాడు’ అంటారు, ఓడితే మీ మామే కావాలని తగ్గించాడంటారు. ప్రదర్శనకు మాత్రమే ఉంచండి. పోటీకి ముందు వారం రోజులు పిల్లి ఫోటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి. రెండో జడ్జి ఉంటే ఆయన రింగులో మాత్రం పోటీ చేయొచ్చు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మేం జడ్జిని పిలుస్తున్నాం. శాలువా, పట్టుచీర, ఇంటి భోజనం వంటి మర్యాదలు ఎంతవరకు చేయొచ్చు?

జవాబు: రానుపోను ఖర్చు, గది, భోజనం, ముందే మాట్లాడుకున్న పారితోషికం. ఇవి నిర్వాహకులు ఇవ్వాల్సినవి, జడ్జి తీసుకోవాల్సినవి. మొత్తాన్ని పిలుపు ఉత్తరంలోనే అంకెల్లో రాయండి, చివర్లో కవరు చేతిలో పెట్టి ‘ఏమనుకోకండి’ అనే పద్ధతి వద్దు. శాలువా కప్పాలంటే అన్ని తీర్పులూ అయిపోయి, ఫలితాల కాగితం మీద సంతకం పెట్టాక కప్పండి. పట్టుచీర లాంటి ఖరీదైనవి వద్దు.

స్టేషనుకు పోటీలో పిల్లి ఉన్నవాళ్లు కారు తీసుకెళ్లకూడదు. ముందురోజు రాత్రి వాళ్లింట్లో భోజనం అసలే కూడదు. రాయలసీమలో అతిథిని భోజనానికి పిలవకపోతే తప్పుగా అనుకుంటారని మాకు తెలుసు. పోటీ అయిన మర్నాడు పిలవండి, సంతోషంగా వస్తారు. మధ్యాహ్న భోజనంలో జడ్జికి వేరే బల్ల వేయండి, అది గొప్ప కోసం కాదు. పక్కన కూర్చున్నవాళ్లు పిల్లి మాట ఎత్తకుండా ఉండరు.

జడ్జి తనంతట తాను ‘మీ పోటీకి నన్ను పిలవండి’ అని అడగడం కూడా ఈ వృత్తిలో తప్పే. పిలుపు నిర్వాహకుల నుంచి రావాలి.

ప్రశ్న: గుంతకల్లులో ఒక పోటీలో జడ్జిని పిల్లి కరిచింది. ఆయన దాన్ని బోనులోకి విసిరారు, తర్వాత చేతికి పసుపు అద్దుకుని తీర్పు కొనసాగించారు. ఏది సరైన పద్ధతి?

జవాబు: రెండూ తప్పే. మొదటిది పిల్లికి అన్యాయం, రెండోది ఆయన ప్రాణానికే ముప్పు.

పిల్లి చెప్పకుండా కరవదు. తోక కొస టపటపా కొట్టుకుంటుంది, చెవులు వెనక్కి పడతాయి, వీపు మీద తోలు అలలా కదులుతుంది, కంటిపాప పెద్దదవుతుంది. ఇందులో రెండు కనిపిస్తే జడ్జి చేతులు తీసేసి, యజమానిని పిలిచి బోనులో పెట్టించాలి. ‘ఈరోజు దీనికి ఇష్టం లేదు’ అని నంబరు దగ్గర రాసి ముందుకెళ్లాలి. యజమానిని తప్పుపట్టాల్సిన పని లేదు.

కరిచాక చేయి లాక్కోకూడదు, చీలిక పెద్దదవుతుంది. పిల్లి వైపే కొద్దిగా తోస్తే నోరు వదులుతుంది. దాన్ని బోనులో మెల్లగా దించి, రింగు ఆపేయాలి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం పెట్టుకుని కడగండి, మనకు పదిహేను నిమిషాలనిపించేది మూడు నిమిషాలే. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. ఆ వెంటనే ఆసుపత్రికి. పిల్లి కూడా రేబిస్ ఇస్తుంది. ‘టీకా వేసిన పిల్లేగా’ అని డాక్టరుకు చూపించుకోకుండా ఉండొద్దు. టీకా పుస్తకం డాక్టరుకు చూపండి, నిర్ణయం ఆయనది. మనిషికి రేబిస్ టీకా చర్మం పొరలో వేసే పద్ధతి అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండరానికి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన కాటుకు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా అవసరం కావొచ్చు. పిల్లిని 10 రోజులు గమనించాలి కాబట్టి యజమాని చిరునామా నిర్వాహకులు రాసి పెట్టుకోవాలి.

ఇంకో ప్రమాదం ఉంది. పిల్లి కోర సూదిలా సన్నం, పొడవు. పైన చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల సూక్ష్మజీవులు కీలు దాకా దిగుతాయి. సాయంత్రానికో మర్నాటికో వేలు ఎర్రబడి, ఉబ్బి, ముడవడానికి రాకపోతే ఆ రోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. పోటీ నిర్వాహకులు ముందే కుళాయి ఎక్కడుందో, దగ్గర్లో టీకా దొరికే ఆసుపత్రి ఏదో కాగితం మీద రాసి జడ్జి బల్లకు అంటించాలి.

ప్రశ్న: తాడిపత్రిలో మా ఇంటి నాటు పిల్లి ఉంది. బొచ్చు పిల్లుల మధ్య దీన్నెవరు చూస్తారు? జడ్జి దీన్ని ఎలా తూస్తారు?

జవాబు: ‘ఇంటి పిల్లి’ విభాగం ఉన్న పోటీకి తీసుకెళ్లండి. అక్కడ జాతి ప్రమాణం లేదు. ఒళ్లు, శుభ్రత, చూడచక్కదనం, మనిషి దగ్గర మెలిగే తీరు చూస్తారు. జడ్జి నిజాయితీ బయటపడేది ఈ విభాగంలోనే, ఎందుకంటే పుస్తకం లేదు, చెయ్యి, కన్నే ఉన్నాయి. పర్షియన్‌కు ఇచ్చిన రెండు నిమిషాలు దీనికీ ఇవ్వాలి. కాలు పోయిన పిల్లికి, కన్ను పోయిన పిల్లికి మార్కులు తగ్గించకూడదు. చెవి కొస కత్తిరించి ఉంటే అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన వీధి పిల్లి గుర్తు, లోపం కాదు. టీఐసీఏ పోటీల్లో 8 నెలలు దాటిన ఇంటి పిల్లికి ఆ ఆపరేషన్ తప్పనిసరి. గోళ్లు ముందురోజు కొస మాత్రమే కత్తిరించండి, స్నానం రెండు మూడు రోజుల ముందు. గోళ్లు వేళ్లతో సహా తీయించడం మాత్రం క్రూరత్వం, 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ అవయవాలు కోయడాన్ని నేరంగా చూస్తుంది.

ప్రశ్న: అనంతపురంలో చదువుకుంటున్నాను. జడ్జి కావాలని ఉంది. పోటీల వీడియోలు చూసి ఇన్‌స్టాలో పిల్లులకు మార్కులిస్తుంటాను, చాలామంది చూస్తారు. ఇది పనికొస్తుందా?

జవాబు: ఆ మార్కులు ఈరోజే ఆపేయండి. రేపు ఆ పిల్లే మీ బల్ల మీదికి వస్తే, మీ మనసులో ముందే తీర్పు ఉంటుంది, యజమాని దగ్గర దానికి సాక్ష్యం ఉంటుంది. పైగా వీడియోలో తోక వంకర తెలియదు, ఎముక బరువు తెలియదు.

పెద్ద సంస్థల్లో దారి దాదాపు ఒక్కటే: ముందు పిల్లులను పెంచి పోటీకి తేవాలి, తర్వాత రింగులో స్టీవార్డుగానో గుమాస్తాగానో పనిచేయాలి, పరీక్షలు రాయాలి, శిక్షణలో లైసెన్సు ఉన్న జడ్జి పక్కన నిలబడి పిల్లులను పట్టుకుని తన అంచనా రాయాలి. ఏళ్లు పడుతుంది. మీరు ఇప్పుడు చేయగలిగింది: ఒకటి రెండు జాతుల ప్రమాణాలు కంఠతా పట్టండి, మన జిల్లాల పోటీల్లో బోనులు తుడిచే పనికైనా వెళ్లండి, వంద పిల్లులను సరిగా ఎత్తి దించండి. ఇంకో జడ్జి ఇచ్చిన తీర్పు గురించి బయట మాట్లాడకుండా ఉండడం కూడా ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: సెలవులని మే నెలలో కర్నూలులో పోటీ పెట్టాం. ఏసీ ఆగిపోతే జడ్జి పోటీ మధ్యలో ఆపేశారు. టికెట్లు కొన్నవాళ్లు గొడవ చేశారు. ఆపే హక్కు ఆయనకు ఉందా?

జవాబు: తన రింగు ఆపే హక్కు జడ్జికి ఉండాలి, పిలుపు ఉత్తరంలోనే రాసుకోండి. నలభై డిగ్రీలు దాటే మే ఎండలో ఏసీ లేని హాలు, అందులో పొట్టి ముక్కు, దట్టమైన బొచ్చు ఉన్న పర్షియన్లు. పిల్లికి చెమట పాదాల అడుగున తప్ప దాదాపు పట్టదు. కుక్కలా నోరు తెరిచి ఒగర్చడం పిల్లికి మామూలు సంగతి కాదు, అది కనిపించిందంటే ప్రమాదం మొదలైనట్టే. ఒంటి వేడి మామూలుగా 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే నీడలోకి తెచ్చి, పాదాలు, చెవులు, పొట్ట కింద మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను గాలి తగలనివ్వాలి. ఐసు నీళ్లు పోయకూడదు, చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకూడదు. డాక్టరు దగ్గరికి తీసుకెళుతూ దారిలో కూడా తడుపుతూనే ఉండాలి.

వచ్చేసారి డిసెంబరులోనో జనవరిలోనో, ఉదయం 8 గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి. జనరేటరు అద్దెకు తెచ్చి ముందురోజే ఒక గంట ఏసీతో నడిపి చూడండి. హాల్లో గోడ థర్మామీటరు ఒకటి జడ్జి కూర్చున్న చోట నుంచి కనిపించేలా తగిలించండి.